తాళం, జల్లెడ, మాట: మహమ్మారి మొదటి వారాల్లో ఏది మేలు?

2020 మార్చి ఆఖరి వారంలో కోదాడ పక్కన ఉన్న మా ఊరి మొదట్లో ముళ్లకంప అడ్డం పడింది. సర్కారు తుమ్మ కొమ్మలు, విరిగిన బండిచక్రం, ఒక పాత కరెంటు స్తంభం. పక్కన అట్టముక్క మీద "మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేం రాం" అని రాసిపెట్టారు. తెలంగాణలో అప్పుడు చాలా ఊళ్లలో ఇదే దృశ్యం. పై నుంచి ఉత్తర్వు వచ్చి చేసింది కాదు, జనమే చేసుకున్నారు. వెనకటికి ప్లేగు వస్తే ఊరు ఖాళీ చేసి చేలల్లో పాకలు వేసుకునేవారని పెద్దవాళ్లు చెప్పేవారు. ఈసారి ఊళ్లోనే ఉండి దారి మూసుకున్నారు.

కోవిడ్ కొత్త రోగం, మందు లేదు, టీకా లేదు. అలాంటప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండే ఉపాయాలు మూడే. అందరినీ ఇళ్లలో పెట్టి తాళం వేయడం ఒకటి. రోగం ఉన్నవాళ్లెవరో జల్లెడపట్టి వాళ్లను మాత్రమే విడిగా ఉంచడం రెండోది. మంచీ చెడూ చెప్పి జనం ఇంగితానికి వదిలేయడం మూడోది. 2020 మొదట్లో మొదటి దారిలో బాగా గట్టిగా నడిచినవాళ్లలో మనం ఉన్నాం. రెండో దారికి దక్షిణ కొరియా, మూడో దారికి స్వీడన్ పేరుపడ్డాయి. వీటిలో ఏది మేలన్న వాదన ఇప్పటికీ పెళ్లి భోజనాల దగ్గర తెగదు. నా లెక్కలో జల్లెడే మేలు. కాకపోతే అది రోగం వచ్చాక అల్లుకునేది కాదు, అంతకుముందే ఇంట్లో ఉండాలి. లేనివాడికి తాళం తప్పదు. ఆ తాళాన్ని ఎలా వేశారు, వేశాక ఏం చేశారు అన్న దగ్గరే అసలు పంచాయితీ.

కొరియాలో మొదటి కేసు 2020 జనవరి 20న బయటపడింది. మన దగ్గర అదే నెల 30న, వూహాన్ నుంచి కేరళకు తిరిగొచ్చిన వైద్య విద్యార్థినికి. పది రోజుల తేడా, అంతే. జనవరి 27న, ఇంకా వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవులు నడుస్తుండగానే, అక్కడి అధికారులు పరీక్షా కిట్లు చేసే కంపెనీల వాళ్లను సియోల్ రైల్వే స్టేషన్‌లో ఒక గదికి పిలిచి కూర్చోబెట్టారు. దేశంలో అప్పటికి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. "కిట్లు చేయండి, అనుమతులు మేం చూసుకుంటాం" అన్నది ఆ సమావేశం సారాంశం. ఫిబ్రవరి 4న మొదటి కిట్టుకు అనుమతి వచ్చేసింది.

ఇంత చురుకు ఊరికే రాలేదు. 2015లో ఆ దేశంలో మెర్స్ అనే జ్వరం పాకింది. 186 మందికి సోకింది, 38 మంది పోయారు. ఏ ఆసుపత్రుల్లో రోగం ఉందో అప్పటి ప్రభుత్వం మొదట్లో దాచింది. ఆ సంగతి తెలియక జనం అవే ఆసుపత్రుల మెట్లెక్కి రోగం ఇళ్లకు తెచ్చుకున్నారు. దేశం భగ్గుమంది. తర్వాత చట్టాలు మార్చారు. అత్యవసరంలో కిట్లకు తొందరగా అనుమతి ఇవ్వొచ్చు, రోగి ఎక్కడెక్కడ తిరిగాడో ఫోన్ల నుంచి, కార్డు లావాదేవీల నుంచి తెలుసుకోవచ్చు, ఆ వివరాలు జనానికి చెప్పాలి. 2020లో లోకమంతా మెచ్చుకున్న జల్లెడకు అల్లిక అయిదేళ్ల ముందే, ఆ చేదులో జరిగింది.

అలాగని కొరియాను ఆకాశానికెత్తనక్కర్లేదు. ఫిబ్రవరి 13న అక్కడి అధ్యక్షుడు మూన్ జే ఇన్, ఇక ఇది త్వరలో సద్దుమణిగిపోతుందన్నాడు. సరిగ్గా అయిదు రోజులకు దేగు నగరంలో 31వ రోగి తేలింది. ఆ రోగి వెళ్లిన చర్చి నుంచి వందలు, వేలు బయటపడ్డాయి. ఫిబ్రవరి 29న ఒక్కరోజే 909 కేసులు. మాస్కుల కోసం దుకాణాల ముందు బారులు. అధ్యక్షుణ్ని దింపేయాలంటూ పెట్టిన అర్జీకి పది లక్షలకు పైగా సంతకాలు. దేగులో మంచం దొరక్క, ఎదురుచూస్తూ ఇంట్లోనే పోయినవాళ్లున్నారు.

అక్కడి నుంచి వాళ్లు తేరుకున్న తీరే నాకు నచ్చుతుంది. కారు దిగకుండానే ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసే కేంద్రాలు పెట్టారు. తేలికపాటి లక్షణాలున్నవాళ్లను ఆసుపత్రి నుంచి తప్పించి, కంపెనీల శిక్షణ కేంద్రాల గదుల్లో ఉంచి నర్సులతో చూపించారు. అలా ఆసుపత్రి మంచాలు ముదిరినవాళ్లకు మిగిలాయి. మార్చి 9 నుంచి మాస్కులకు మన రేషన్ డిపో పద్ధతి: వారానికి మనిషికి రెండు, పుట్టిన సంవత్సరం చివరి అంకెను బట్టి ఏ రోజు ఎవరు రావాలో ముందే చెప్పేశారు. దేశమంతా ఏనాడూ తాళం పడలేదు. ఏప్రిల్ 15న పార్లమెంటు ఎన్నికలు కూడా జరిగాయి. జనం చేతికి పల్చటి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, దూరం దూరంగా నిలబడి ఓటేసి వచ్చారు. ఆ ఏడాది మొత్తానికి అక్కడ కోవిడ్ మరణాలు వెయ్యి దాటలేదు.

దీనికి వాళ్లు కట్టిన వెల వేరు. ఫలానా వయసు మగమనిషి ఫలానా రోజు ఫలానా హోటల్లో ఉన్నాడంటూ ఊరందరి ఫోన్లకూ సందేశాలు వెళ్లేవి. పేరు లేకపోయినా పోల్చుకోవడానికి ఇరుగుపొరుగుకు ఎంతసేపు? ఎవరు ఎవరితో తిరిగారన్న గుసగుసలు రోగం కంటే వేగంగా పాకాయి. అక్కడి మానవ హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. మే నెలలో సియోల్‌లోని ఇతేవాన్ క్లబ్బుల్లో కేసులు వచ్చినప్పుడు, అక్కడికి వెళ్లిన స్వలింగ సంపర్కులు చాలామంది తమ సంగతి ఇంట్లో, ఆఫీసులో తెలుస్తుందని భయపడి పరీక్షకు రాలేదు. చివరికి పేరు చెప్పక్కర్లేని పరీక్షలు పెట్టారు. అప్పుడు వచ్చారు. జల్లెడ కన్నాలు మరీ సన్నవైతే జనం అందులో పడకుండా పక్క నుంచి జారుకుంటారన్నమాట.

ఇక మన తాళం. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించారు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా మూత అన్నారు. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. దేశంలో అప్పటికి తేలిన కేసులు సుమారు 500, చేసిన పరీక్షలు మొత్తం కలిపి దాదాపు 22 వేలు. కొరియా అప్పటికే ఒక్కరోజులో ఇంచుమించు అన్ని చేయగల స్థితిలో ఉంది. వాళ్ల జనాభా 5 కోట్ల పైచిలుకు, మనది 130 కోట్ల పైమాట. చేతిలో దీపం లేనప్పుడు ఇల్లంతా తలుపులు బిగించుకోవడం తప్పేమీ కాదు. ఆ రాత్రి తాళం వేయకూడదని అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ నాలుగు గంటలతోనే నా తగాదా.

మా అక్క కొడుకు హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేవాడు, ఇల్లు గుంటూరు దగ్గర. మర్నాడే హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్ ముందు క్యూ కట్టి ఊరెళ్లడానికి కాగితం తెచ్చుకున్నాడు. తీరా ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి వెళ్తే అటువైపు రానివ్వలేదు. ఇక్కడి ప్రభుత్వం పొమ్మని కాగితమిచ్చింది, అక్కడి ప్రభుత్వం రావద్దంది. వేలమంది పిల్లలు ఆ రాత్రి హైవే మీద బైకుల పక్కన కూర్చున్నారు. "మామయ్యా, నేనిప్పుడు ఏ రాష్ట్రం వాణ్ని?" అని ఫోన్లో అడిగాడు. రోగం పాకకుండా పెట్టిన తాళం అంతమందిని ఒక్కచోట గుంపు చేసింది. వీడికి కనీసం బైకుంది. మిరపకోతకు వచ్చి ఇక్కడ చిక్కుకున్న ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవి దారిన నడిచి వెళ్లారు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు, వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న, అయిదు వారాలు గడిచాక. ఊళ్లకు తిరిగిపోయిన వలస కూలీలు కోటికి పైగా ఉన్నారని తర్వాత కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఆ ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ స్థూల ఉత్పత్తి 24 శాతం దాకా పడిపోయింది.

న్యూజిలాండ్ కూడా గట్టి తాళమే వేసింది. మార్చి 23న ప్రకటించి, 25 అర్ధరాత్రి దాకా 48 గంటలు గడువిచ్చింది, జీతాలకు సాయం ప్రకటించింది. చిన్న దీవి, మనతో పోలిక అతకదు, ఒప్పుకుంటాను. కానీ గడువివ్వడానికి దీవే అయివుండాలా?

తాళం కొన్నది గడువు. దాన్ని ఎవరెలా వాడారన్నది మన రెండు రాష్ట్రాల్లోనే చూడొచ్చు. కరీంనగర్‌లో మార్చి మధ్యలో, దేశవ్యాప్త తాళం కంటే ముందే, ఇండోనేషియా నుంచి వచ్చిన బృందంలో కేసులు తేలగానే వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. అది అచ్చంగా జల్లెడ పనే. గచ్చిబౌలిలో క్రీడా భవనాన్ని కొద్దివారాల్లోనే ఆసుపత్రి చేశారు. మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చారు, బాగుంది. పరీక్షల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలంగాణ చెయ్యి బిగబట్టింది. ఎందుకింత తక్కువ చేస్తున్నారని హైకోర్టు పదేపదే నిలదీసింది. ఆంధ్రలో 50 ఇళ్లకొకరు చొప్పున ఉన్న వాలంటీర్లు విదేశాల నుంచి ఎవరొచ్చారో, ఎవరికి జ్వరముందో గడప గడపకూ తిరిగి రాసుకున్నారు. క్షయ పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రాలను కోవిడ్‌కు మళ్లించి, పరీక్షల్లో దేశంలో ముందువరుసలో నిలిచారు. ఆగస్టులో అక్కడ రోజుకు పది వేల కేసులు కనిపించినప్పుడు ఇక్కడివాళ్లు నవ్వారు. వెతికినచోట కనిపించడంలో వింతేముంది? అయినా వెతికినంత మాత్రాన రోగం ఆగలేదన్నదీ నిజమే. ఆంధ్ర జల్లెడ మొదట్లో బాగా పట్టింది. వేలల్లో వచ్చిపడ్డాక ఎవరి నుంచి ఎవరికని ఎంతవరకు వెతుకుతారు?

మూడో దారి, స్వీడన్. అక్కడ ఆండర్స్ టెగ్నెల్ అనే ప్రభుత్వ వైద్యాధికారి పేరు ఇంటింటా తెలుసు. తొమ్మిదో తరగతి దాకా బడులు మూయలేదు, హోటళ్లు మూయలేదు. 500 మందికి మించి గుమికూడవద్దన్నారు, మార్చి చివర దాన్ని 50కి దించారు. మిగతాదంతా సలహా: ఒంట్లో బాగోకపోతే ఇంట్లో ఉండండి, పెద్దవాళ్లను కలవకండి. చాలామంది విన్నారు కూడా. వినగలిగే వీలు వాళ్లకుంది. జబ్బు చేసి సెలవు పెడితే మొదటి రోజుకు పడే జీతం కోతను మార్చిలోనే ఎత్తేశారు. ఒక్కరే ఉండే ఇళ్లు అక్కడ బోలెడు. మన దగ్గర ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంట్లో "విడిగా ఉండండి" అంటే ఎక్కడికెళ్లి ఉంటారు? పూట కూలికి "ఇంట్లో ఉండు" అనేది సలహానా, శిక్షా?

పైగా వాళ్లకూ దెబ్బ తగిలింది. వృద్ధాశ్రమాలకు బయటివాళ్లను రావద్దన్నది ఏప్రిల్ 1న, అప్పటికే రోగం లోపలికి వెళ్లిపోయింది. జూన్ చివరికి స్వీడన్‌లో మరణాలు 5 వేలు దాటితే, పక్కనున్న నార్వేలో 250 దగ్గరున్నాయి. మళ్లీ చేయాల్సివస్తే మేం చేసినదానికీ లోకం చేసినదానికీ మధ్యస్థంగా చేస్తామని టెగ్నెలే జూన్‌లో అన్నాడు. డిసెంబరులో అక్కడి రాజు మనం విఫలమయ్యామన్నాడు. ఇంతవరకు చదివి స్వీడన్ కథ ముగిసిందనుకునేవాళ్లకు చిన్న చిక్కుంది. 2020 నుంచి 2022 దాకా మూడేళ్లు కలిపి, మామూలుకంటే ఎంతమంది ఎక్కువ పోయారని లెక్క తీస్తే, ఐరోపాలో బాగా తక్కువ ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. పిల్లల చదువు కూడా మనంత పాడవలేదు. 2022లో వాళ్ల విచారణ సంఘం చెప్పిందీ అదే: తాళం వేయకపోవడం తప్పు కాదు, మొదటి వారాల్లో తాత్సారం చేయడమే తప్పు.

జల్లెడ వైపు నిలబడ్డ నేను కూడా అక్కడే వచ్చి ఆగుతాను. ఫిబ్రవరిలో స్వీడన్ ఏం చేసింది? మనమేం చేశాం? విమానాశ్రయంలో నుదుటి మీద జ్వరం తుపాకీ పెట్టి పంపించాం. చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్లు గిట్టుబాటు కాకపోతే, ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ ముక్కలు తిని చూపించారు. ఆ పుకారు తప్పే, తినడంలో తప్పు లేదు. అదే వారంలో కొరియా వాళ్లు కార్ల కిటికీల దగ్గర నిలబడి నమూనాలు తీస్తున్నారు.

మన దగ్గర జల్లెడ బొత్తిగా లేదనీ అనలేం. కేరళ 2018 నిఫా వైరస్ అనుభవంతో జనవరిలోనే కంట్రోల్ రూమ్ తెరిచింది. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం ఏ రోజు ఎక్కడెక్కడికి వెళ్లిందో మార్చిలో రూట్ మ్యాప్‌లు వేసి బయటపెట్టింది. మనకూ ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. అప్పుడు లేనివి కిట్లు, ల్యాబులు.

మా ఊరి ముళ్లకంప ఏప్రిల్ రెండో వారంలో తీశారు. యాసంగి వరి కోతకొచ్చింది, కోత మిషన్ రావాలి. డ్రైవరు తమిళనాడువాడు. రానివ్వాలా వద్దా అని రచ్చబండ దగ్గర పెద్ద గొడవే జరిగింది. ఆశా కార్యకర్త వచ్చి, అతని పేరు, ఫోన్ నంబరు, ఏ దారిన వచ్చాడో నోటుబుక్కులో రాసుకుంది. ఊరి బయట బడి గదిలో ఉండమంది, అన్నం అక్కడికే పంపించింది. కోత అయ్యేదాకా రోజూ పొద్దున్నే వెళ్లి జ్వరం చూసి వచ్చేది.