నడుము డిస్క్ ఆపరేషన్‌కి "మళ్ళీ రాదు" అని గ్యారంటీ ఇస్తున్నారా? హైదరాబాద్ వాళ్లూ, జాగ్రత్త

నడుము ఆపరేషన్ ప్యాకేజీ తీసుకోబోతున్న వాళ్లు, ఇంట్లో ఎవరికైనా డేట్ ఫిక్స్ అయిన వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "ఒక్కసారి చేయించుకుంటే జీవితంలో మళ్ళీ రాదు" అనే మాట మీకు చెప్పి ఉంటే డబ్బు కట్టకముందే ఆగండి. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేది. అది జారినందుకు చేసే ఆపరేషన్ తర్వాత అదే చోట మళ్ళీ జారవచ్చు. వైద్యుల లెక్కల్లో ఇది సాధారణంగా 5 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. స్పోర్ట్ అనే పేరుతో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో దాదాపు 15 శాతం మందికి 8 ఏళ్లలోపు మరో ఆపరేషన్ అవసరమైంది. వెన్నెముక సర్జన్లందరికీ తెలిసిన విషయమే ఇది. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా అన్నయ్య బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టులో పని చేస్తాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా కార్టన్లు ఎత్తడం, దించడం. ఎడమ పిరుదు నుంచి మడమ దాకా కాలు లాగేది, చివరికి పాదం పక్కన తిమ్మిరి కూడా మొదలైంది. ఎమ్మారైలో ఎల్5-ఎస్1 (నడుము కింది చివర) దగ్గర డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. నగరంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి వెళ్లాం. సర్జన్ చూసింది కాసేపే. తర్వాత ఒక గదిలో కౌన్సెలర్ కూర్చోబెట్టి ప్యాకేజీ వివరించాడు. గ్యారంటీ మాట అన్నది అతనే. "వారంలో డ్యూటీకి వెళ్లిపోవచ్చు" అని కూడా అన్నాడు. అంగీకార పత్రం ముందురోజు రాత్రి తెచ్చారు. అంతా ఇంగ్లీషులో ఉంది. వదిన "ఇందులో ఏముంది?" అని అడిగితే, అందరూ పెట్టే సంతకమేనని చెప్పి తీసుకెళ్లారు.

ఆపరేషన్ బాగానే జరిగింది, అది ఒప్పుకోవాలి. కాలు నొప్పి మర్నాటికే తగ్గింది. కానీ డిశ్చార్జి కాగితంలో ఎంత బరువు ఎత్తొచ్చు, ఎప్పటిదాకా వంగకూడదు, ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఒక్క ముక్క లేదు. ఫిజియోథెరపీ ప్యాకేజీలోనే లేదట. కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఒకరోజు కొట్టులో పెట్టె పక్కకు జరుపుతుంటే అదే కాలు, అదే దారిలో మళ్ళీ పట్టేసింది. అదే ఆసుపత్రికి వెళ్తే మామూలు ఎమ్మారై ఒకటి తీసి, "ఇది కొత్త సమస్య, స్క్రూలు వేసి ఫ్యూజన్ చేయాలి" అన్నారు. ఫ్యూజన్ అంటే పక్కపక్క వెన్నుపూసలను కలిపి బిగించేయడం. ప్యాకేజీ ధర మొదటిదానికి రెట్టింపు పైనే. మొదట ఇచ్చిన హామీ గురించి అడిగితే, అలా ఎవరూ చెప్పరు అన్నారు.

డిస్క్ మళ్ళీ జారడం ఆ సర్జన్ తప్పని నేను అనడం లేదు. మంచి చేతిలో కూడా అలా జరుగుతుంది. ఈ ఆపరేషన్‌లో డిస్క్ మొత్తం తీసేయరు. బయటికి వచ్చి నరాన్ని నొక్కుతున్న ముక్కను తీస్తారు. మిగతా డిస్క్ అక్కడే ఉంటుంది, దాని చుట్టూ ఉండే గట్టి పొరలో చిరుగు కూడా ఉంటుంది. టైరు లోపలి ట్యూబు చిరుగులోంచి ఉబికినట్టు లోపలి గుజ్జు మళ్ళీ ఆ దారినే రావచ్చు. చిరుగు పెద్దదైతే ప్రమాదం ఎక్కువ. సిగరెట్, షుగర్, అధిక బరువు కూడా దాన్ని పెంచుతాయి. ఇవన్నీ ముందే చెప్పి ఉంటే అన్నయ్య పని మార్చమని యజమానిని అడిగేవాడు. చెప్పాల్సింది దాచి, చెప్పకూడని గ్యారంటీ అమ్మారు. నా కోపం దాని మీదే.

రెండో ఆపరేషన్‌కి ఒప్పుకోకుండా పాత ఎమ్మారై సీడీ, కొత్తది రెండూ పట్టుకుని పంజాగుట్ట నిమ్స్ ఓపీకి వెళ్లాం. క్యూ పెద్దది, ఓపిక కావాలి. కానీ అక్కడి డాక్టర్ మొదట అడిగింది ఆపరేషన్ నోట్: ఏ వైపు, ఎంత తీశారు అని. తర్వాత కాంట్రాస్ట్ ఎమ్మారై (రక్తంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) రాశారు. ఆపరేషన్ అయిన చోట మచ్చ కణజాలం కూడా నరం చుట్టూ పెరుగుతుంది, మామూలు స్కాన్‌లో అది డిస్క్ లాగే కనిపించవచ్చు. కాంట్రాస్ట్ మందు ఇస్తే మచ్చ మెరుస్తుంది, కొత్తగా జారిన డిస్క్ అంతగా మెరవదు. రెండింటికీ వైద్యం వేరు. మచ్చను డిస్క్ అనుకుని కోస్తే లాభం ఉండకపోవచ్చు. ఈ మందు ఇచ్చేముందు కిడ్నీ పరీక్ష చేయించమంటారు, అది కూడా గుర్తుంచుకోండి.

అన్నయ్యకు వచ్చింది డిస్క్ ముక్కే. అయినా కాలులో బలం తగ్గలేదు కాబట్టి మందులు, నరం దగ్గర ఇంజెక్షన్, ఫిజియోథెరపీతో చూద్దామన్నారు. రెండోసారి జారినా చాలామందికి మొదటిసారి లాగే కోత లేకుండా తగ్గే అవకాశం ఉంటుందట. తగ్గకపోతే మళ్ళీ ముక్క తీయడమే ఎక్కువమందికి సరిపోతుంది. పాత మచ్చ వల్ల నరాల పొర చిరిగే ప్రమాదం మాత్రం రెండోసారి ఎక్కువ. వెన్నుపూసలు పట్టు తప్పి కదులుతున్నప్పుడు, పదేపదే జారినప్పుడు ఫ్యూజన్ ఆలోచిస్తారు. మొదటిసారి తిరగబెట్టగానే స్క్రూలు అంటే తప్పకుండా ఇంకో సర్జన్‌కి చూపించండి. ఇప్పుడు అన్నయ్య మెట్లు ఎక్కుతున్నాడు, కొట్టులో బిల్లింగ్ కౌంటర్‌కి మారాడు.

ఇదంతా చదివి అసలు ఆపరేషనే వద్దనుకోకండి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే రెండో అభిప్రాయం కోసం తిరగొద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, గంటలు కూడా ముఖ్యమే. పాదం పైకి లేవకుండా వేలాడుతున్నా ఆలస్యం చేయకూడదు. మిగతా వాళ్లలో చాలామందికి తొలిసారి వచ్చిన సయాటికా (నడుము నరం నొక్కుకుని కాలు లాగే నొప్పి) 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అంటే ఈ రోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అనేవాళ్ల తొందరకు మీరు లొంగాల్సిన పని లేదు.

అడగాల్సినవి కౌన్సెలర్‌ని కాదు, సర్జన్‌నే అడగండి. మళ్ళీ జారే అవకాశం నాకెంత, జారితే ఏం చేస్తారు, అప్పటి ఖర్చు ఎవరిది, ఫిజియోథెరపీ ఇందులో ఉందా, నా పనికి నేను ఎప్పుడు వెళ్లొచ్చు. "మళ్ళీ రాదు" అంటే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. రాయరు. అంగీకార పత్రం తెలుగులో అడగండి, లేదంటే చదివి వివరించేదాకా సంతకం పెట్టకండి.

ఇప్పటికే మోసపోయిన వాళ్లు ముందు రికార్డులు తీసుకోండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. మాకు మొదట సమ్మరీ ఒక్కటే ఇచ్చారు, ఆ నిబంధన రాసి లెటర్ పెట్టాకే ఆపరేషన్ నోట్ బయటికి వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. సమస్య బయటపడిన 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. సలహాకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మా ఫిర్యాదు సిద్ధమవుతోంది, అందుకే ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇలాంటి హామీ వాట్సాప్‌లోనో, బ్రోచర్‌లోనో మీకు వచ్చి ఉంటే డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి బిల్లులతో పాటు దాచుకోండి.