లైట్ బాక్స్ కొన్నా, దాని లైట్లు ఆపేసి వాడుతున్నా

ఫొటోగ్రఫీ క్లాసులో స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల్ని పేర్చి తీసే ఫొటోలు) అసైన్‌మెంట్ల కోసం మడతపెట్టే లైట్ బాక్స్, అంటే వస్తువుని లోపల పెట్టి ఫొటో తీసుకునే లైట్లున్న డబ్బా, ఒకటి ఆన్‌లైన్‌లో తీసుకున్నా, 40 సెంటీమీటర్ల సైజు, పదిహేను వందల లోపే పడింది, బ్రాండ్ అని చెప్పుకోడానికి ఏం లేదు, ఇదే డబ్బాని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. పైన రెండు ఎల్ఈడీ స్ట్రిప్పులు, వైరు మీద డిమ్మరు, యూఎస్‌బీ పిన్ను, కొన్ని రంగుల బ్యాక్‌గ్రౌండ్ షీట్లు. ఫోన్ చార్జర్‌కి పెట్టినా, పవర్ బ్యాంక్‌కి పెట్టినా వెలుగుతుంది, హాస్టల్లో కరెంటు పోయినా పని ఆగదు.

కొనేముందు ఒకటి చూస్కోండి. ఇందులో రెండు రకాలుంటాయి, లోపల వెండి కాగితంలా మెరిసేది ఒకటి, తెల్లగుడ్డ గోడలది ఒకటి. ఎక్కువమంది మెరిసేదే కొంటారు ఎందుకంటే వెలుతురు ఎక్కువొస్తుంది, కానీ దాని గోడల్లోంచి బయటి వెలుతురు లోపలికి రాదు. నేను తెల్లగుడ్డది తీసుకున్నా, అదెందుకు ముఖ్యమో కింద చెప్తా.

అమ్ముకునే వస్తువుల ఫొటోలకైతే ఈ డబ్బాకి వంక పెట్టక్కర్లేదు. మా పిన్ని వాట్సాప్‌లో పచ్చళ్ళు అమ్ముతుంది, ఆవిడ సీసాలు ఇందులో పెట్టి ఫోన్‌తో తీసినా సరే లేబుల్ మీద అక్షరాలు కూడా చక్కగా వచ్చాయి, ఆర్డర్లు పెరిగాయో లేదో తెలీదు గానీ డీపీ మాత్రం మార్చింది. కెమెరాతో తీసేవాళ్ళు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 1 దాకా పెంచండి, లేకపోతే కెమెరా మీటరు ఆ తెలుపంతా చూసి కంగారుపడి బూడిదరంగు చేసి పెడుతుంది.

స్టిల్ లైఫ్ దగ్గరికొచ్చేసరికి కథ వేరే. వెలుతురు పైనుంచి పడి అన్ని గోడలకీ కొట్టుకుని అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది, దాంతో నీడ అనేది ఉండదు, నీడ లేకపోతే గుండ్రటిది గుండ్రంగా కనపడదు. నల్ల వంకాయ పెడితే పేపర్ కటింగ్ అతికించినట్టు వచ్చింది. ఏటికొప్పాక లక్కబొమ్మ పెడితే ఇంకా దారుణం, ఆ లక్క నునుపుకి పైనున్న రెండు స్ట్రిప్పులూ బొమ్మ నెత్తిమీద రెండు తెల్లగీతల్లా దిగిపోయాయి. స్ట్రిప్పుల కింద ట్రేసింగ్ పేపర్ అడ్డంపెడితే గీతలు కొంచెం మెత్తబడతాయి, లక్కకీ గాజుకీ అయితే పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించి మెరుపు తగ్గించే అద్దం) కూడా పనిచేస్తుంది, ఇత్తడి చెంబు మీద మాత్రం అది పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే, లోహం మెరుపు దానికి లొంగదు.

రంగుల సంగతి ఇంకోటి. డబ్బా మీద సీఆర్ఐ (లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె, 100కి) 95 అని గొప్పగా వేశారు, ఎండుమిరపకాయలు పెట్టి తీస్తే ఇటుకరంగులో వచ్చాయి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా చేసే సెట్టింగు) సరిచేసుకున్నా, రా ఫైల్లో (కెమెరా మార్చకుండా దాచే ఫైలు) సాగదీసుకున్నా ఆ ఎరుపు రాలేదు. అసలు విషయం ఏంటంటే సీఆర్ఐ అనేది మొదటి 8 లేతరంగుల మీద తీసే సగటు, ముదురు ఎరుపు 9వది, దాన్ని ఆర్9 అంటారు, అది ఆ సగటులోకే రాదు. కాబట్టి సీఆర్ఐ అంకె బానే ఉండి కూడా ఎరుపు చచ్చిపోవచ్చు. మిరపకాయలు, కుంకుమ, టమాటాలు తీసేవాళ్ళు ఆర్9 ఎంతో రాసిన లైటే చూసి కొనండి, ఈ చవకవాటి మీద అది రాయనే రాయరు. డిమ్మరు తగ్గించి షటర్ స్పీడు పెంచితే ఫొటోలో చారలు కూడా పడుతున్నాయి, ఫుల్‌లో పెడితే లేవు, ట్రైపాడ్ వేసి నెమ్మది షటర్ పెట్టుకుంటే ఆ గొడవే లేదు.

ఇంక టైటిల్ సంగతి. ఎల్ఈడీలు పూర్తిగా ఆపేసి డబ్బాని కిటికీ పక్కన పెట్టండి, ఒక పక్క గోడ కిటికీ వైపుండేలా. ఆ గుడ్డగోడ మొత్తం ఒక పెద్ద మెత్తటి లైటైపోతుంది. రెండో పక్క లోపల నల్ల చార్ట్ పేపర్ నిలబెట్టండి, పైకప్పు మీద కూడా ఒకటి పరవండి. అదే వంకాయ, ఇప్పుడు ఒకవైపు తొడిమ నుంచి కిందిదాకా పొడుగాటి తెల్లటి మెరుపు, అక్కణ్ణుంచి మెల్లగా ఊదాలోకి, ఊదాలోంచి నలుపులోకి జారుతుంది, చూస్తే చేత్తో పట్టుకోవచ్చనిపిస్తుంది. నలుపు మరీ ఎక్కువైతే చార్ట్ తీసి థర్మాకోల్ ముక్క పెట్టండి, దాన్ని ఒక అంగుళం అటూ ఇటూ జరిపితే నీడ ఎంత మారుతుందో కళ్ళముందే కనపడుతుంది, నాకైతే లైటింగ్ క్లాసుల్లో బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ అప్పుడు అర్థమయ్యాయి. కెమెరా సెట్టింగులు: ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 100, ఎఫ్ 8 (లెన్స్ లోపలి కంత సైజు), షటర్ సెకనో రెండు సెకన్లో, నొక్కినప్పుడు కెమెరా కదలకుండా 2 సెకన్ల టైమర్. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ చాలు, దీనికోసం కొత్త లెన్స్ కొనకండి. మబ్బు పట్టిన రోజైతే పండగే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికం ఫొటో ఉంది కదా, పెప్పర్ నంబర్ 30, ఆయన దాన్ని రేకు గరాటులో పెట్టి తీశాడు. గరాటు గోడలు వెలుతురుని కాయ చుట్టూ తిప్పాయి, నీడల్నీ ఉండనిచ్చాయి. అంటే డబ్బా అనేది చెడ్డ ఐడియా కాదు, వెలుతురు ఎటునుంచి రావాలో మనం తేల్చుకోవాలి, ఈ కంపెనీవాళ్ళు ఆ పని మనకోసం ముందే తేల్చేసి పైన అతికించేశారు, అదీ నా కంప్లయింటు.

చిన్నచిన్న లోపాలు: బ్యాక్‌గ్రౌండ్ షీట్లు మడతలతో వస్తాయి, ఆ మడత గీతలు పోవు. నల్లషీటు అయితే నలుపే కాదు, లైటు పడితే బూడిదరంగు, బట్టల షాపులో మీటరు నల్ల వెల్వెట్ ముక్క తెచ్చుకోండి, వెలుతురుని మింగేస్తుంది. ముందు తలుపుకి లెన్స్ పెట్టే కంత ఇచ్చారు గానీ చెంబులాంటిది తీసేటప్పుడు ఆ కంతా లెన్సూ రెండూ చెంబు పొట్టమీద కనపడతాయి, కెమెరా కొంచెం వెనక్కి జరిపి జూమ్ చేస్తే లెన్స్ చిన్నదవుతుంది, మిగిలింది ఎడిటింగ్‌లో చూస్కోవాలి. వెల్క్రో కుట్టు ఒక మూల అప్పుడే ఊడింది, సూదీదారంతో అయిపోయింది.

నా రేటింగ్ 5కి 3. ఆభరణాలో పచ్చళ్ళో అమ్ముకునేవాళ్ళైతే ఇంకో స్టార్ కలుపుకోండి. కిటికీ ఉన్న రూములో ఉండే స్టూడెంట్స్ అసలు కొనకుండా అట్టపెట్టెకి ఒక పక్క కోసి ట్రేసింగ్ పేపర్ అతికించి మొదలుపెట్టొచ్చు, తేడా పెద్దగా ఉండదు, మడతపెట్టి బ్యాగ్‌లో పెట్టుకోవడం ఒక్కటే కుదరదు. కొనాలనే ఉంటే మాత్రం 60 సెంటీమీటర్లది తీసుకోండి, 40 దాంట్లో ఒక చెంబూ రెండు నిమ్మకాయలూ పెట్టేసరికి థర్మాకోల్‌కి చోటుండట్లేదు.