ట్రిగ్గర్‌లో స్ప్రింగును వంచేది ఎవరు? సింగిల్ యాక్షన్, డబుల్ యాక్షన్, స్ట్రైకర్: ఏది ఎవరికి మేలు

ఇంట్లో వాడే చెక్క ఎలుకబోను తీసుకోండి. స్ప్రింగు తీగను వెనక్కి వంచి చిన్న కొక్కెం కింద ఇరికిస్తాం. బలమంతా మన చెయ్యి అప్పుడే పెట్టేసింది. ఎలుక చేసేదల్లా కొక్కేన్ని కదపడమే. పిస్టళ్ల ట్రిగ్గర్ల మధ్య తేడా కూడా ఇక్కడే ఉంది: స్ప్రింగును వంచే పని ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు? వేలు పడకముందే ఆ పని పూర్తయి ఉంటే సింగిల్ యాక్షన్. మొదటి నుంచి చివరి దాకా వేలే వంచితే డబుల్ యాక్షన్. కొంత ముందే వంగి ఉండి, మిగతాది వేలు పూర్తిచేసే రకం గ్లాక్ లాంటి స్ట్రైకర్ పిస్టల్.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు నగదుతో తిరిగే వ్యాపారి తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నా, హన్మకొండలో ఇంటర్ చదివే అమ్మాయి ఎయిర్ పిస్టల్ నేర్చుకోవాలనుకున్నా, మొదట అడిగేది ఒకటే: "ఏ ట్రిగ్గర్ తేలికగా ఉంటది?" ఆ ప్రశ్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. తేలిక ట్రిగ్గర్ అంటే పని ముందే అయిపోయిన ట్రిగ్గర్. అది రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే చోట, వరం. ఇంట్లో బీరువాలో పెట్టుకున్న ఆయుధానికి అదే ముప్పు.

సింగిల్ యాక్షన్‌లో జరిగేది కొంచెమే. హ్యామర్, అంటే దెబ్బ కొట్టే చిన్న సుత్తి, వెనక్కి వంగి ఉంటుంది. దాని అడుగున కోసిన చిన్న గాడిలో సియర్ అనే ఉక్కు ముక్క అంచు ఆని ఉంటుంది. ఆ ఆనిక మిల్లీమీటరు కూడా ఉండదు. ట్రిగ్గర్ కదిలితే సియర్ పక్కకు తిరుగుతుంది, గాడి జారుతుంది, మెయిన్ స్ప్రింగు హ్యామర్‌ను ముందుకు విసురుతుంది, హ్యామర్ ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది, పిన్ తూటా వెనకున్న ప్రైమర్‌ను (మందును అంటించే చిన్న టోపీని) కొడుతుంది. వేలు చేసింది సియర్‌ను జరపడం ఒక్కటే. అందుకే సాధారణంగా 2 నుంచి 2.5 కిలోల ఒత్తిడికే ట్రిగ్గర్ తెగుతుంది (అంటే హ్యామర్‌ను వదిలేస్తుంది), అదీ ఎండిన కందికట్టె విరిగినట్టు టక్కున. గురికి ఇంతకు మించిన ట్రిగ్గర్ లేదు. 1911 కోల్ట్ పిస్టల్‌దీ, 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్‌దీ ఇదే పద్ధతి. హై పవర్ నమూనా మీదనే పశ్చిమ బెంగాల్‌లోని మన ఇషాపూర్ రైఫిల్ కార్ఖానా 9 ఎం.ఎం. 1ఏ పిస్టల్‌ను చేసింది.

పిస్టల్ పేలిన ప్రతిసారీ స్లైడ్, అంటే ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం, వెనక్కి వచ్చి హ్యామర్‌ను మళ్లీ వంచేస్తుంది. వేలు ఇంకా నొక్కే ఉన్నా రెండో తూటా పేలకుండా డిస్‌కనెక్టర్ అనే భాగం ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య లంకెను తెంపుతుంది. వేలును ముందుకు వదిలితే చిన్న టిక్ వినిపించి లంకె మళ్లీ కలుస్తుంది. దాన్నే రీసెట్ అంటారు. వేగంగా కాల్చేవాళ్లు ఆ టిక్ దగ్గరే ఆగి మళ్లీ నొక్కుతారు.

దీని చిక్కు మోసుకు తిరిగేటప్పుడు బయటపడుతుంది. చాంబర్లో (పేలడానికి తూటా కూర్చునే గదిలో) తూటా, వెనక్కి వంగిన హ్యామర్, మధ్యన అడ్డం ఒక సేఫ్టీ మీట. ఆ మీటను బొటనవేలు ఆలోచించకుండానే దించగలగాలంటే వేల సార్లు సాధన కావాలి. లేకపోతే రెండు తప్పుల్లో ఒకటి తప్పదు: అవసరమైనప్పుడు దించడం మరచిపోవడం, అవసరం లేనప్పుడు దించి ఉంచడం. వాడకంతో సియర్ అంచు గుండ్రబడితే స్లైడ్ మూసుకోగానే హ్యామర్ దానంతట అదే పడిపోతుంది. అలాంటి పిస్టల్‌ను ఆ క్షణం నుంచే పక్కన పెట్టాలి. "ఆకురాయితో కొంచెం రుద్దితే సరిపోతది" అనే సలహా వినొద్దు. సియర్ కోణం ఒకసారి చెడితే భాగం మార్చడం తప్ప దారి లేదు.

డబుల్ యాక్షన్‌ను అర్థం చేసుకోవాలంటే ఖాళీ రివాల్వర్‌ను పక్క నుంచి చూడాలి. సిలిండర్ తెరిచి, ఆరు గదులూ కంటితో, వేలితో చూసుకుని, నళిని (తూటా బయటికొచ్చే గొట్టాన్ని) గట్టి గోడ వైపు తిప్పి ట్రిగ్గర్‌ను చాలా నెమ్మదిగా లాగండి. మొదట లోపలి కొక్కెం సిలిండర్ వెనకున్న పళ్లను పైకి నెడుతుంది. ఆరు గదులు కాబట్టి సిలిండర్ 60 డిగ్రీలు తిరుగుతుంది. అదే సమయంలో హ్యామర్ వెనక్కి లేస్తూ ఉంటుంది. ఇంకొంచెం లాగితే కింది నుంచి స్టాప్ గాడిలో పడి, గది నళికి సూటిగా నిలుస్తుంది. ఆ తర్వాతే హ్యామర్ జారుతుంది. సిలిండర్‌ను తిప్పడం, స్ప్రింగును వంచడం, వదలడం, మూడూ ఒక్క వేలే చేసింది. అందుకే ఈ లాగుడు పొడవు, మామూలుగా 4.5 నుంచి 5.5 కిలోల బరువు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మన ప్రభుత్వ ఆయుధ కార్ఖానాల .32 రివాల్వర్ సుమారు 700 గ్రాములుంటుంది. దాని మీద వేలు 5 కిలోల బలం పెడుతోందంటే, చేతిలో ఉన్న వస్తువు బరువుకు ఏడు రెట్ల బలంతో దాన్ని కదుపుతున్నట్టే. గురి కుడికో ఎడమకో జారిపోవడానికి కారణం ఇదే. కాన్పూర్‌లో 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలోదే. అంత తేలిక రివాల్వర్ మీద అంతే బలం పడితే పది రెట్లు. చిన్నదీ తేలికైనదీ ఆడవాళ్లకు సులువు అని దుకాణంలో చెప్పేది సంచిలో మోయడం వరకే నిజం. కాల్చడంలో అదే అన్నిటికంటే కష్టం, దానికే ఎక్కువ సాధన కావాలి.

అయినా ఇంటి రక్షణకు మా మొగ్గు డబుల్ యాక్షన్ రివాల్వర్ వైపే. కంగారులో, నిద్రమత్తులో, వణుకుతున్న వేలు ఊరికే తగిలితే 5 కిలోల లాగుడు పూర్తవ్వదు. మరచిపోవడానికి రివాల్వర్లకు సాధారణంగా సేఫ్టీ మీటే ఉండదు. తూటా పేలకపోతే మళ్లీ లాగితే చాలు, కొత్త గది ఎదురుకొస్తుంది. (రేంజిలో మాత్రం అలా చేయొద్దు. పేలని తూటా ఆలస్యంగా పేలవచ్చు కనుక నళిని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టాలి.) లోడైందో లేదో సిలిండర్ తెరిస్తే కంటికి కనిపిస్తుంది, చాంబర్లో దాగి ఉండే ఒక్క తూటా ప్రమాదం దీనికి లేదు.

ఈ రివాల్వర్ల హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌గా కూడా వాడొచ్చు. అప్పుడు 2 కిలోల చుట్టుపక్కలే తెగుతుంది. ఇంట్లో ఆ పని చేయకండి. కాల్చనక్కర్లేదని తేలిన తర్వాత ఆ హ్యామర్‌ను దించాలంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, చెమట పట్టిన బొటనవేలితో నెమ్మదిగా వదలాలి. వేలు జారితే తూటా పేలినట్టే. రివాల్వర్‌తో చేసే పనుల్లో ఇంత ప్రమాదమైనది ఇంకొకటి లేదు.

రివాల్వర్ ట్రిగ్గర్ ఉన్నట్టుండి బరువెక్కిందంటే చాలామంది స్ప్రింగును అనుమానిస్తారు. ముందు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (కాలిన తూటా గొట్టాలను సిలిండర్ నుంచి బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క) కింద చూడండి. కాలని మందు గింజలు రెండు మూడు అక్కడ చేరితే చాలు, సిలిండర్ వెనక పలకకు రాసుకుని ఆగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో రెండు నిమిషాల పని.

డబుల్, సింగిల్ రెండూ కలిసిన పిస్టళ్లున్నాయి. 1929 నాటి వాల్తర్ పీపీ దగ్గర్నుంచి బెరెటా 92 దాకా ఇదే దారి. మొదటి తూటాకు పొడవైన బరువు లాగుడు, స్లైడ్ హ్యామర్‌ను వంచేశాక రెండో తూటాకు పొట్టి తేలిక లాగుడు. ఒకే ఆయుధానికి రెండు ట్రిగ్గర్లు నేర్చుకోవాలి. నెలకోసారి కూడా కాల్చని వాళ్లకు ఇది సరిపడదు.

స్ట్రైకర్ రకంలో హ్యామర్ ఉండదు. ఫైరింగ్ పిన్నే స్ప్రింగు తొడుక్కుని స్లైడ్ లోపల ఉంటుంది. గ్లాక్‌లో స్లైడ్ మూసుకునేటప్పుడు ఆ స్ప్రింగు సగం వరకే బిగుస్తుంది. ట్రిగ్గర్ బార్ దాన్ని ఇంకొంచెం వెనక్కి లాగి, కనెక్టర్ అనే రేకు ముక్క వాలు మీద కిందికి జారి వదిలేస్తుంది. సుమారు 2.5 కిలోల ఒత్తిడి, 12.5 మిల్లీమీటర్ల నడక, మొదటి తూటాకూ చివరి తూటాకూ ఒకటే. వందల మందికి ఒకే శిక్షణ ఇచ్చే పోలీసు దళాలకు ఇది నచ్చడానికి ఆ సమానతే కారణం. బయట సేఫ్టీ మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలో చిన్న పలక, పిన్‌కు అడ్డంగా ఒక కట్ట, కింద పడితే పేలకుండా ఇంకొకటి, మూడూ నొక్కుతున్న కొద్దీ వాటంతటవే తొలగుతాయి. మరి ట్రిగ్గర్ గార్డులోకి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలోకి) చొక్కా అంచు దూరి ట్రిగ్గర్‌ను నొక్కినా అవి తొలగుతాయి. గట్టి హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) లేకుండా దీన్ని నడుములో దోపుకోవడం ఆత్మహత్యతో సమానం.

గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీశాం కదా అని చాంబర్ చూడకుండా నొక్కితే అందులో మిగిలిన తూటా పేలుతుంది. మ్యాగజైన్ తీయడం, స్లైడ్ లాగడం, చాంబర్లోకి కంటితో చూసి వేలు పెట్టి చూడడం, ఈ వరుస తలకిందులు కాకూడదు. స్ట్రైకర్ నడిచే సొరంగంలో నూనె వేయకూడదు. నూనె దుమ్మును పట్టి బురదవుతుంది, పిన్ దెబ్బ బలహీనపడి తూటా పేలదు. మన దగ్గర 9 ఎం.ఎం. నిషేధిత బోరు (మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని తూటా కొలత) కాబట్టి మామూలు లైసెన్సుదారుకు ఈ 9 ఎం.ఎం. పిస్టల్ ప్రశ్నే రాదు. పోలీసు ఉద్యోగానికి పోయేవాళ్లు తెలుసుకుంటే చాలు.

పోటీల లోకం వేరు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ 500 గ్రాములకు తగ్గకూడదు, 25 మీటర్ల .22 పిస్టల్‌లో 1000 గ్రాములకు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్లలో వెండి పతకం తెచ్చిన మన షూటర్ ఈషా సింగ్ ఈ రెండు బరువుల మధ్యా వేలును మార్చుకుంటూ ఆడుతుంది. తనిఖీలో నళిని నిలువుగా పట్టి, ట్రిగ్గర్‌కు అర కిలో బరువు తగిలించి పైకి లేపుతారు. బరువు లేవాలి, ట్రిగ్గర్ తెగకూడదు. సరిగ్గా 500కి పెట్టుకుంటే ప్రయాణపు కుదుపులకో వేడికో తగ్గి తనిఖీలో పోవచ్చు, 510 నుంచి 520 మధ్య పెట్టుకోండి. ఇవి రెండు దశల ట్రిగ్గర్లు: మొదటి దశలో 350 నుంచి 400 గ్రాములు మోసి గోడలాంటి చోట ఆగాలి, మిగతాది రెండో దశలో. కొత్తవాళ్లు మొదటి దశను మరీ తేలిక చేసుకుంటారు. అప్పుడు ఆ గోడ వేలికి తెలియక, ఆగకుండా దాటేస్తారు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌లో సియర్ బదులు స్విచ్చు, దాని వెనక బ్యాటరీ. అరుగుదల లేదు, స్పర్శ మారదు, ధర మాత్రం ఎక్కువ. మొదటి రెండేళ్లకు మెకానికల్ చాలు, మిగిలిన డబ్బు పెల్లెట్లకు పెట్టండి. రోజూ రేంజికి పోలేని పిల్లలు ఇంట్లో ఎయిర్ పిస్టల్‌ను డ్రై ఫైర్ మోడ్‌లో (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కే అమరికలో) పెట్టి గోడకేసి సాధన చేయొచ్చు. .22 పిస్టల్‌తో మాత్రం ఖాళీగా నొక్కొద్దు. రిమ్‌ఫైర్ (తూటా అంచును కొట్టి పేల్చే) పిన్ నేరుగా చాంబర్ అంచును కొట్టి దాన్ని నొక్కేస్తుంది, స్నాప్ క్యాప్ (ఉత్తుత్తి తూటా) వాడాలి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలను ఠాణాలోనో లైసెన్సున్న దుకాణంలోనో జమ చేయాల్సి వస్తుంది. వారాల తరబడి సంచిలో ఉండి తిరిగొచ్చిన రివాల్వర్‌లో పాత నూనె జిగటగా మారుతుంది, వానకాలమైతే స్ప్రింగు తుప్పు పడుతుంది. కొబ్బరినూనె రాసి ఇవ్వకండి, చలికాలం అది గడ్డకడుతుంది. పల్చని గన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. తెచ్చుకున్న రోజే ఖాళీ చేసి చూసుకుని పదిసార్లు నెమ్మదిగా లాగి వదలండి. ట్రిగ్గర్ ఒక్కసారైనా ముందుకు పూర్తిగా రాకుండా మధ్యలో ఆగితే, తూటాలు పెట్టకుండా అలాగే లైసెన్సున్న ఆయుధ మరమ్మతు దుకాణానికి పట్టుకెళ్లండి.