మిరప ఆకు ముడతకి మందు కంటే ముందు భూతద్దం: ఏళ్లుగా వాడుతున్నదాన్ని, నా మాట

మిద్దె మీద మిరప, క్యాప్సికం పెంచేవాళ్లు ఎవరడిగినా మందు సీసా కంటే ముందు భూతద్దం కొనమంటాను. నగల కొట్లో రాళ్లు చూడ్డానికి వాడతారే, ఆ మడత అద్దం, పది రెట్లు పెద్దది చేసి చూపించేది. తోట కోసం నేను కొన్నవాటిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత అక్కరకొచ్చింది ఇంకొకటి లేదు.

మిరప ఆకు ముడుచుకోవడానికి కారణం ఒక్కటి కాదు. తామర పురుగు (త్రిప్స్) గోకి రసం పీల్చినా ముడుచుకుంటుంది, తెల్ల నల్లి (మంచంలో నల్లి కాదు, ఆకు రసం పీల్చే మైట్) పట్టినా, పేనుబంక పట్టినా, తెల్లదోమ వైరస్ అంటించినా ముడుచుకుంటుంది. కొట్టుకెళ్లి "మిరప ముడతకి ఏదైనా ఇవ్వండి" అంటే మాత్రం చేతికొచ్చే సీసా ఒకటే. అది తామర పురుగు మందైతే నల్లిని ఏమీ చేయకపోవచ్చు, ఎందుకంటే నల్లి పురుగే కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు జాతికి చెందింది. సింథటిక్ పైరిథ్రాయిడ్లనే రకం పురుగు మందులు కొడితే ఇంకా నష్టం. చెడ్డ నల్లిని తినే మంచి నల్లులు చచ్చి, చెడ్డది పెచ్చుమీరుతుంది. వైరస్‌కైతే అసలు మందే లేదు.

మా పక్కింటి పిన్నిగారిది గుంటూరు వైపు. మిరప చేలల్లో పెరిగిన మనిషి. "ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే పై ముడత, తామర పురుగు. పడవ బోర్లా పడితే కింది ముడత, నల్లి" అని ఆవిడే చెప్పారు. ఈ గుర్తు చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ కుండీల్లో రెండూ కలిసి వచ్చినప్పుడు, లేదా చిగురు అప్పుడే వంకర తిరుగుతున్నప్పుడు, కంటితో తేల్చడం కష్టం. అద్దం అసలు పని అక్కడే.

నల్లిని వెతకడానికి ఎండ వేడెక్కకముందే, ఉదయం పూట చిగురులో అన్నిటికంటే లేత ఆకు తుంచి, వెనక్కి తిప్పి చూస్తాను. తెల్ల నల్లి ఒంటి పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా సరిగ్గా ఉండదు. పది రెట్ల అద్దంలో లేత పసుపు చుక్కలు నెమ్మదిగా పాకుతూ కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే ముప్పై రెట్ల అద్దం తీస్తాను. అందులో గుడ్లు కూడా దొరుకుతాయి. కోలగా, గాజులా ఉండి, పైన వరసగా తెల్ల చుక్కలు పొదిగినట్టుంటాయి. ఆ చుక్కలు కనిపించాక ఇంక వేరే రుజువు అక్కర్లేదు. ఒక్కోసారి మగ నల్లి, కదలకుండా ఉన్న ఆడ పిల్లని వెనకాల ఎత్తుకుని కొత్త చిగురుకి మోసుకుపోతుంటుంది. ఒక కొమ్మ నుంచి పక్క కొమ్మకి ముడత ఎందుకంత తొందరగా పాకుతుందో అది చూశాకే నాకు అర్థమైంది. తెల్లదోమ కాళ్లు పట్టుకుని కూడా ఇవి ఊరేగుతాయి.

తామర పురుగుకి అద్దం అంత అవసరం పడదు. చిగురుని తెల్లకాగితం మీద తట్టితే సన్నటి పురుగులు రాలి పరుగెడతాయి. మధ్య ఈనె పక్కన గోధుమరంగు గీతలు, వెండిలా మెరిసే మచ్చలు కూడా చూసుకోవాలి. పువ్వుల్ని మాత్రం అద్దంతోనే చూడండి. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి బయటపడిన నల్ల తామర పురుగు, 2021లో గుంటూరు, ఖమ్మం మిరప చేలను ఊడ్చేసింది. అది ఎక్కువగా పువ్వుల్లో దాక్కుంటుంది. దానికి నీలిరంగు జిగురు అట్టలు కడతాను. పసుపు అట్టలు తెల్లదోమకి. ఈ అట్టలు మొక్కని కాపాడతాయని అనుకోవద్దు, ఏది వచ్చిందో ముందుగా తెలుస్తుంది, అంతే.

అద్దం పెట్టి ఎంత వెతికినా ఏమీ కనిపించదు, కానీ కొత్త ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపెక్కి, బుడిపెలుగా ముడుచుకుని, మొక్క గిడసబారి ఉంటుంది. ఇదీ ఒక జవాబే. తెల్లదోమ అంటించే ఆ వైరస్, అంటే జెమిని వైరస్, అనుకుని పాత ఆకుల అడుగున తెల్లదోమ పిల్లలు, అదే అతుక్కుపోయిన చదునైన పొలుసులు, ఉన్నాయేమో చూస్తాను. ఉంటే ఆ మొక్కని పీకి సంచిలో కట్టి పారేస్తాను. కాయలున్న మొక్క పీకాలంటే ప్రాణం ఒప్పదు, అయినా పక్క కుండీల కోసం తప్పదు. మధ్యాహ్నం ఎండకి ముడుచుకుని తెల్లారేసరికి విచ్చుకునే ఆకులకి మాత్రం ఏ మందూ వద్దు, నీడ చాలు.

నల్లి అని తేలాక నేను వాడేది నీటిలో కరిగే గంధకం, లీటరుకి మూడు గ్రాములు, చల్లపూట. మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం జోలికి పోకూడదు. ముడుచుకున్న ఆకు మళ్లీ సాపు కాదు, కాబట్టి దాన్ని చూసి మందు పనిచేయలేదని మళ్లీ మళ్లీ కొట్టకండి. నాలుగైదు రోజులకి కొత్త చిగురు తుంచి అద్దంతో చూడండి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పాకుతుంటేనే రెండోసారి.

ఇక అద్దం సంగతి. పది రెట్లది రోజువారీకి, ముప్పై రెట్లది అనుమానం తీర్చుకోడానికి. ఒక్కటే కొనాలంటే పది రెట్లదే కొనండి. ముప్పై రెట్లదాన్ని ఆకుకి మరీ దగ్గరగా పట్టాలి, చెయ్యి కొంచెం వణికినా చూస్తున్నది జారిపోతుంది. అరవై రెట్లు అని చెక్కిన చవక అద్దాల్ని నమ్మకండి, నేను చూసినవాటిలో మధ్యలో తప్ప అంతా మసకే. చిన్న దీపం ఉన్నవి ఆకు అడుగు చూడ్డానికి బాగుంటాయి. వాడేటప్పుడు అద్దాన్ని కంటికి ఆనించినట్టు పట్టుకుని ఆకునే దగ్గరికి తెచ్చుకోవాలి, ఒక అంగుళం దూరంలో తేటగా కనిపిస్తుంది. కొనేముందు కొట్లోనే కరెన్సీ నోటు మీది సన్న అక్షరాలు చూడండి. అంచుల దాకా తేటగా కనిపిస్తేనే డబ్బులివ్వండి.