నాలుగో వేసవిలో మా కారు సన్ ఫిల్మ్

శ్రీకాకుళంలో మా కారు అద్దాలకు ఎండ వేడి ఆపడానికి వేయించిన సిరామిక్ రకం సన్ ఫిల్మ్‌కు ఇది నాలుగో వేసవి. డ్రైవర్ డోర్ గ్లాసు పైఅంచున ఒక మూల కాస్త లేచింది. మిగతా అంతా వేసిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, రంగు కూడా మారలేదు. నాలుగు డోర్లకూ వెనకద్దానికీ కలిపి 9,500 తీసుకున్నారు. ఆ డబ్బు దండగ కాలేదని గట్టిగా చెబుతాను.

నేను టెక్కలి వైపు ఒక స్కూల్లో టీచర్ని. రోజూ హైవే మీద నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా వెళ్లి వస్తాను. పొద్దున ఈశాన్యంగా వెళ్తాం కాబట్టి ఎండ కుడివైపు నుంచి కొడుతుంది. సాయంత్రం నైరుతిగా తిరిగొస్తుంటే పడమటి ఎండ కూడా కుడివైపు నుంచే పడుతుంది. రెండు పూటలా ఎండంతా డ్రైవర్ వైపు గ్లాసుకే, డ్రైవర్ కుడి చేతికే. నా కుడి మోచేయి ఎడమదానికంటే బాగా నల్లబడింది. ముందద్దం రెండు పొరల గ్లాసు కాబట్టి చర్మాన్ని పాడు చేసే యూవీ (అతినీలలోహిత) కిరణాలను దాదాపు ఆపేస్తుంది. డోర్ గ్లాసు అలా కాదు, యూవీ-ఏ కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. మంచి ఫిల్మ్ వేస్తే 99 శాతం ఆగుతాయి.

కారు సెకండ్ హ్యాండ్‌ది. పాత ఓనరు వేయించిన చవక ఫిల్మ్ ఊదారంగుకు తిరిగిపోయి, వెనకద్దం నిండా బుడగలు లేచి ఉండేవి. రాత్రిపూట వెనక లారీ లైటు పడితే ఏమీ తెలిసేది కాదు. ఆ రకంలో నలుపు అద్దకపు రంగుల వల్ల వస్తుంది. కొన్ని రంగులు కలిస్తేనే ఆ నలుపు. ఎండకు అవన్నీ ఒకేసారి వెలిసిపోవు. ముందు పోయేవి పోగా మిగిలినవి ఊదాగా కనిపిస్తాయి. మన ఎండల్లో అలాంటిది రెండు మూడేళ్లు నిలిస్తే గొప్ప. కార్బన్ రకం ఊదాకు తిరగదు, ఐదేళ్ల పైన వస్తుంది. సిరామిక్ శుభ్రంగా వేస్తే పదేళ్ల దాకా నిలుస్తుంది. మెటల్ పూత ఉన్నవి వేడిని బాగానే ఆపుతాయి గానీ ఫోన్ సిగ్నల్‌కూ జీపీఎస్‌కూ అడ్డొస్తాయి, అందుకే వద్దనుకున్నాను.

షాపులో నాకు నచ్చింది, నల్లది అంటగట్టాలని చూడకపోవడం. ఒక వేడి లైటు ముందు చిక్కటి నల్ల ముక్క ఒకటి, దాదాపు రంగు లేకుండా తేటగా ఉన్న సిరామిక్ ముక్క ఒకటి పెట్టి, వెనక చెయ్యి పెట్టి చూడమన్నారు. నల్లదాని వెనక చెయ్యి చురుక్కుమంది. తేటదాని వెనక గోరువెచ్చగా ఉంది. వేడిలో పెద్ద భాగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ది, నలుపు ఒక్కటే దాన్ని ఆపలేదు.

తర్వాత మా గ్లాసుకు మీటరు పెట్టారు. కంపెనీ గ్లాసే 75 శాతం వెలుతురు వదులుతోంది. దాని మీద 70 శాతం వెలుతురు వదిలే ఫిల్మ్ వేస్తే రెండూ కలిసి 52 దగ్గర తేలుతుంది. రూలు ప్రకారం పక్క గ్లాసులకు కనీసం 50, ముందు వెనక అద్దాలకు 70 ఉండాలి. అందుకని వెనకద్దానికి ఇంకా తేలికది వేసి, మీటరు రీడింగు బిల్లు మీద రాసిచ్చారు. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములే వద్దంది. 2021లో రూలు మారింది. ఈ శాతాలు పాటిస్తే ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. మన దగ్గర రోడ్డు మీద ఆపినప్పుడు చూపించడానికి ఆ బిల్లు కారులోనే పెట్టుకుంటాను.

అసలు పనితనం వెనకద్దం దగ్గర చూశాను. పాత ఫిల్మ్‌ను ఆవిరి పట్టి మెల్లగా లాగితే ఫిల్మ్ వచ్చేసింది, జిగురు మాత్రం గ్లాసుకే ఉండిపోయింది. లోపల అద్దాన్ని వేడి చేసి మంచు పోగొట్టే ఆ సన్నటి గోధుమరంగు డీఫాగర్ గీతలున్నాయి కదా, పని చేసే అబ్బాయి బ్లేడు ముట్టుకోలేదు. సబ్బునీళ్లు కొట్టి, నానబెట్టి, మెత్తటి ప్యాడ్‌తో గీతల వెంబడే అడ్డంగా రుద్దాడు. "నిలువుగా గీకితే గీత తెగిపోద్ది మేడం, తెగిన గీత ఇంక వేడెక్కదు" అన్నాడు. గంటకు పైగా పట్టింది, విసుక్కోలేదు. షాపు రోడ్డు పక్కన రేకుల షెడ్డు కావడంతో ఆ అద్దంలోనే రెండు దుమ్ము రేణువులు ఇరుక్కుపోయాయి. దగ్గరికెళ్లి చూస్తే కనిపిస్తాయి. ఇంత డబ్బు తీసుకునేవాళ్లు తలుపున్న గది ఒకటి కట్టుకోవాలి.

"వారం రోజులు గ్లాసులు దించకండి. మసకగా, నీటిపొరలాగా ఉంటది, ఏటీ అవదు" అని చెప్పి పంపారు. వానాకాలం కావడంతో ఆ మసక పోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ చిన్న నీటి బుడగల్ని గోటితో నొక్కకూడదు.

తుడవడం గురించి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. అమ్మోనియా ఉన్న గ్లాసు క్లీనరు వద్దు, అది ఫిల్మ్‌నూ జిగురునూ పాడు చేస్తుంది. మనకు అలవాటైన న్యూస్‌పేపరూ వద్దు, గీతలు పడతాయి. నీళ్లలో రెండు చుక్కల షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ చాలు. వ్యాక్యూమ్ కప్పులతో అంటించే కర్టెన్లు, దేవుడి స్టిక్కర్లు ఫిల్మ్ మీద పెట్టనివ్వను, పీకినప్పుడు ఫిల్మ్‌ను కూడా లాగేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం కింద ఉండే రబ్బరు బీడింగు. అందులో ఇసుక రేణువు ఇరుక్కుంటే గ్లాసు దించిన ప్రతిసారీ నిలువు గీత పడుతుంది. కళింగపట్నం బీచ్‌కి వెళ్లొస్తే బీడింగు తడిగుడ్డతో తుడిచాకే గ్లాసులు దించుతాం.

డ్రైవర్ డోర్ మూల లేవడానికి కారణం ఎండా, రోజూ దించి ఎత్తడమూ. షాపులో చూపిస్తే వాదించలేదు. వారంటీ ఉంది, ఆ ఒక్క గ్లాసుకు కొత్తది వేస్తాం, వానలు పడకముందే రండి, త్వరగా ఆరుతుంది అన్నారు. సెలవుల్లో అయితే వారం రోజులు గ్లాసు దించే పనుండదు కాబట్టి, జూన్‌లో స్కూలు తెరిచేలోపే వేయించేస్తున్నాను.