తెల్లపూల పురుగుల కోసం బెంగళూరు: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

పూల మీద వాలే పురుగుల్ని చూడ్డానికి బెంగళూరు వెళ్లేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఏ పార్కుకి వెళ్లాలన్నది కాదు, ఎక్కడ దిగాలన్నది. చాలా తెల్లపూలు పొద్దుగూకాకే వాసన విరజిమ్ముతాయి. చీకట్లో ఆ వాసన, ఆ తెలుపు పట్టుకుని రెక్కల పురుగులు వస్తాయి. ఆ వేళకి లాల్‌బాగ్ గేట్లు మూసేసి ఉంటాయి. అందుకే పెరడున్న బస దొరికితే సగం పని అయినట్టే.

నేనూ, మా పిన్ని కూతురూ జూన్‌లో తొలకరి పడ్డాక వెళ్లాం. మొదట మెజెస్టిక్ పక్కన గాంధీనగర్‌లో ఒక లాడ్జి. అనంతపురం బస్సు దిగి నడిచి వెళ్లిపోవచ్చు, కౌంటర్లో తెలుగులోనే మాట్లాడతారు, గది శుభ్రంగానే ఉంది. కిటికీ తీస్తే మాత్రం పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ లేదు. ఊళ్లో పనుల మీద వచ్చేవాళ్లకి చాలు, మాకు చాలదు.

అక్కణ్నుంచి శివారులో ఒక రిసార్టుకి మారాం. ప్రకటనలో అంతా పచ్చదనం, పక్షులు. నందివర్ధనం కంచె నిండా పూసి ఉంది, దాని మీద ఒక్క ఈగ కూడా లేదు. సాయంత్రం ఒకతను దోమల మందు పొగ మిషన్ భుజాన వేసుకుని కంచె పొడుగునా కొట్టుకుంటూ పోయాక సంగతి అర్థమైంది. ఈ ఒక్క రోజుకి ఆపగలరా అని అడిగితే రోజూ కొట్టాల్సిందేనన్నారు. డబ్బు లాడ్జికి మూడింతలు. తోట చూపించి గది ఇచ్చేవాళ్లు ఆ తోటలో బతికేవాటిని ఇలా చంపేయడం నాకు చాలా బాధనిపించింది.

చివరికి జయనగర్‌లో ఒక పాత ఇంటి మేడ మీద గది దొరికింది. ఇంటావిడది చిత్తూరు వైపు. "చెట్లకి మందేమైనా కొడతారా అమ్మా?" అంటే, "మందు కొడితే ఆ కరివేపాకు మేమెట్లా తినేది, చెప్పు?" అన్నారు. అడ్వాన్సు అప్పుడే ఇచ్చేశాం. గీజర్ సరిగ్గా పనిచెయ్యదు, మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకి కష్టం. కానీ పెరట్లో ఒంటిరేకు నందివర్ధనం, దాని వెనక సీతాఫలం చెట్టు ఉన్నాయి.

టార్చికి ఎర్ర కాగితం చుట్టి కూర్చున్నాం. ఎరుపు వెలుతురు పురుగుల్ని పెద్దగా బెదరగొట్టదు. బాగా చీకటి పడ్డాక పెద్ద రెక్కల పురుగు ఒకటి వచ్చింది. పువ్వు మీద వాలలేదు. గాల్లోనే నిలబడి, చుట్టుకున్న పొడవాటి నాలుకని సాచి సన్నటి పూగొట్టంలోకి దింపి, క్షణంలో పక్క పువ్వుకి జరిగింది. ఈ రకంలోనే ఒకదాని గొంగళిపురుగు నందివర్ధనం ఆకులు తిని పెరుగుతుంది. ఆకుపచ్చ ఒళ్లు, తల వెనక కళ్లలాంటి రెండు మచ్చలు. ఆవిడకి అవి తెలుసు, ఏరి పారేయరు.

పొద్దున సీతాఫలం వంతు. దాని పువ్వు అచ్చమైన తెలుపు కాదు, కాస్త పచ్చ కలిసిన తెలుపు. మందపాటి మూడు రేకులు, తలకిందులుగా వేలాడుతూ సగమే విచ్చుకుంటాయి. ఒకదాన్ని మెల్లగా విప్పి చూస్తే లోపల నువ్వుగింజంత గోధుమరంగు పెంకుపురుగులు ఉన్నాయి. పండు మాగిన వాసనకి అవి లోపలికి దూరతాయి. పువ్వు ముందు ఆడదశలో ఉంటుంది, తర్వాత మగదశకి మారి పుప్పొడి రాలుస్తుంది. ఆ పొడి ఒంటికి అంటించుకుని ఇవి ఇంకో పువ్వులోకి వెళ్తాయి. తేనెటీగలతో ఇక్కడ పెద్దగా పని జరగదు. ఈ పురుగులు సరిపడా లేని తోటల్లో రైతులు బ్రష్‌తో చేత్తోనే పుప్పొడి అద్దుతారు. నేను బెంగళూరులో చూసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

లాల్‌బాగ్‌కి మెట్రో గ్రీన్ లైన్‌లో అదే పేరున్న స్టేషన్లో దిగాలి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. తెల్లారి గేటు తియ్యగానే వెళ్లాలి, ఆదివారం వద్దు. ఇక్కడ వెతకాల్సింది మాగ్నోలియా. అరచేతిని మించిన తెల్లపువ్వు, తేనె ఉండదు, పుప్పొడే కూలి. ఈ కుటుంబం తేనెటీగలకంటే పాతది, పెంకుపురుగులతోనే దాని పాత స్నేహం. వాటికి పీల్చే నాలుక లేదు, కొరికే నోరుంది. అందుకే వెడల్పుగా తెరుచుకుని ఘాటుగా వాసన వేసే పువ్వులు వాటికి అనువు. అయితే మేం చూసినప్పుడు మాగ్నోలియా నిండా తేనెటీగలే. అక్కడ పనిచేసే ఒక మాలి, మదనపల్లె వైపు ఆయన, "ఎత్తు చెట్ల మీద పెద్ద తేనెపట్లుంటాయి, సెంటు కొట్టుకుని రావద్దన్నా" అని చెప్పాడు. మంచి సలహా.

బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కు పిల్లలకి బాగుంటుంది, మంగళవారం సెలవు. పెంకుపురుగుల కోసమైతే అంత దూరం అక్కర్లేదు.

కనకపుర రోడ్డు వైపు తురహళ్లి అడవికి మాత్రం తప్పక వెళ్లండి. మెట్రో దిగి ఆటో మాట్లాడుకోవాలి, నీళ్లు వెంట ఉండాలి, ఒంటరిగా వద్దు. బండల మధ్య తుమ్మి మొక్కలు, మనం శివుడికి పెట్టే పూలే. నీలి చారల తేనెటీగ గాల్లో ఆగి, నాలుక ముందే చాచుకుని, తెల్లటి కింది పెదవి మీద ఒక్క క్షణం కాళ్లు ఆనించి వెళ్లిపోతుంది. మన కంది పూత మీద కనిపించే నలుపు, నారింజ పట్టీల పెంకుపురుగు ఎదురైతే చేత్తో పట్టుకోకండి, దాని స్రావం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

ఆకాశమల్లె పూసేది వానలు తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ పొడుగు గొట్టాల పూలకి వచ్చే రాత్రి పురుగుల కోసం జయనగర్ ఆవిడకి నవంబరుకి గది చెప్పి ఉంచాం. వీధిలో ఆ చెట్లు ఉన్నాయి, గీజర్ కూడా బాగు చేయిస్తామన్నారు.