బండికి ఏ అద్దం మేలు: చదునుదా, ఉబ్బెత్తుదా?

పోయిన నెల పార్కింగులో ఎవరిదో బండి తగిలి నా స్కూటర్ కుడి అద్దం పగిలింది. రాణీగంజ్‌లో ఒక స్పేర్స్ షాపుకి వెళితే "సేమ్ టు సేమ్ అన్నా" అంటూ ఒకటి చేతిలో పెట్టారు. సేమ్ కాదని మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర తెలిసింది. వెనకున్న సిటీ బస్సు ఎడమ అద్దంలో బుజ్జిగా, కుడి అద్దంలో మీద పడేంత పెద్దగా ఉంది. పాతది కుంభాకార దర్పణం, అంటే బయటికి ఉబ్బినది. కొత్తది ఇంట్లో తల దువ్వుకునే రకం, చదునుది.

రెండు రోజులు చదునుదే నచ్చింది. అది అబద్ధం చెప్పదు. బస్సు 10 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం అద్దం వెనక 10 మీటర్లలోనే, అంతే సైజులో ఏర్పడుతుంది. ఉబ్బెత్తుది అలా కాదు. దాని వక్రతా వ్యాసార్థం, అంటే ఆ అద్దం ఏ గోళంలోని ముక్కో ఆ గోళం వ్యాసార్థం, 120 సెం.మీ. అనుకుందాం. నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చే కిరణాలు అద్దం మీద పడి ఏ బిందువు నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయో అక్కడికి అద్దం నుంచి ఉన్న దూరం, అందులో సగం, 60. అదే బస్సు ప్రతిబింబం అద్దం వెనక 57 సెం.మీ. దగ్గరే ఏర్పడుతుంది. 3 మీటర్ల ఎత్తు కాస్తా 17 సెం.మీ. అయిపోతుంది.

తమాషా ఏమిటంటే, ప్రతిబింబం అంత దగ్గరున్నా మనకు బస్సు దూరంగా ఉన్నట్టే తోస్తుంది. బస్సంటే ఎంతుంటుందో మెదడుకు తెలుసు, చిన్నగా కనబడితే దూరంగా ఉందని లెక్కేసుకుంటుంది. కంటికీ అద్దానికీ మధ్య 60 సెం.మీ. ఉంటే, 10 మీటర్లలో ఉన్న బస్సు దాదాపు 20 మీటర్ల అవతల ఉన్నట్టనిపిస్తుంది. కార్ల పక్క అద్దాల మీద, వాహనాలు కనిపించేదానికంటే దగ్గరగా ఉన్నాయని రాసేది ఇందుకే.

మరి చదునుదే మేలా? మూడో రోజు లక్డీకాపూల్ దగ్గర కుడి ఇండికేటర్ వేసి, అద్దంలో రోడ్డు ఖాళీగా ఉందని బండి తిప్పబోయాను. పక్కనే ఆటో! అతను హారన్ కొట్టబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి లెక్క వేశాను. 12 సెం.మీ. వెడల్పున్న చదును అద్దం అదే 60 సెం.మీ. దూరం నుంచి 11 డిగ్రీల మేర చూపిస్తుంది. ఉబ్బెత్తుది 23 డిగ్రీలు. మన రోడ్ల మీద ప్రమాదం పద్ధతిగా వెనక నుంచే రాదు కదా, పక్క సందుల్లోంచి దూరి వస్తుంది. దూరం కొంచెం తప్పు చూపించినా పర్వాలేదు, అసలు ఆటోనే చూపించకపోతే ఎలా? నా ఓటు ఉబ్బెత్తుదానికే. అపార్ట్‌మెంట్ సెల్లార్ మలుపుల్లో పెట్టేదీ అదే.

కార్లలో మాదిరి లోపల చదునుది, బయట ఉబ్బెత్తుది ఉంటే ఇబ్బంది లేదు, దేన్ని ఎందుకు చూస్తున్నామో తెలుస్తుంది. స్కూటర్‌కి చెరో రకం పెట్టుకుంటే మాత్రం దూరాల లెక్క కుదరక టెన్షనే.

ఇక లోపలికి వంగిన పుటాకారం. అదే 60 సెం.మీ. నాభ్యంతరంతో దాన్ని బండికి బిగిస్తే, బస్సు ప్రతిబింబం తలకిందులుగా అద్దం ముందు 64 సెం.మీ. దగ్గర, అంటే ఇంచుమించు మన కంటి దగ్గరే ఏర్పడుతుంది. కనబడేది మసకే. దాన్ని బాత్రూంలో పెట్టండి: ముఖం 20 సెం.మీ. దూరంలో ఉంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా, నిటారుగా కనిపిస్తుంది. గడ్డం గీసుకోవడానికి దాన్ని మించింది లేదు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. అందులో నక్షత్రాల వెలుగును పోగుచేసేదీ పుటాకార దర్పణమే.

మళ్లీ రాణీగంజ్ వెళ్లాను, ఈసారి స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని. అద్దం మీద స్కేలు ఆనించి కన్ను దగ్గరగా పెట్టి చూస్తుంటే షాపతను నన్ను వింతగా చూశాడు. మధ్యలో ఆనింది. రెండు చివర్లా మిల్లీమీటరున్నర సందు. బిల్లు కట్టేశాను.